కొండపల్లిలో నేలకొరిగిన ఖ్వాజా

విజయవాడకు సుమారు 20 కిలోమీటర్ల దూరంలో ఉన్న కొండపల్లి మనలో చాలామందికి తెలిసిన ఊరే. హజ్రత్ సయ్యద్ షా బుఖారీ (రహ్మతుల్లా అలైహ్) ఉర్సుకు పిల్లాపాపలతో వెళ్ళినవాళ్ళం, తిరిగి వస్తూ తెల్ల పొణికి కర్రతో చేసిన ఏనుగు అంబారీనో, దశావతారాల బొమ్మల పక్కనే కూర్చున్న పల్లెపడుచు బొమ్మనో పిల్లల చేతిలో పెట్టినవాళ్ళం ఎందరో ఉన్నాం. ఒక్క విషయం మాత్రం మనం అంతగా ఆలోచించం. బుఖారీ అనే పేరులోనే ఒక ప్రయాణం ఉంది. ఎక్కడో మధ్య ఆసియాలోని బుఖారా నగరం పేరు కృష్ణమ్మ ఒడ్డున ఒక తెలుగు ఊళ్ళో వినబడుతోంది. కొండ మీది కోటలో గరీబ్ సాహెబ్ పేరిట మరో దర్గా ఉంది. నేడు మనం 'గరీబ్' అంటే పేదవాడు అనుకుంటాం. అరబ్బీలో ఆ మాటకు అసలు అర్థం పరదేశి.

ఈ వారం మేము చెప్పబోయేది ఇదే కొండపల్లిలో ప్రాణం విడిచిన మరొక పరదేశి కథ. ఆయన పేరు మీద ఇక్కడ ఉర్సు జరగదు. ఆయన సమాధి కూడా ఇక్కడ లేదు. ఆయనే ఖ్వాజా మహమూద్ గవాన్. పండితుడు, వర్తకుడు, బహమనీ రాజ్యానికి ప్రధానమంత్రి. 1481 ఏప్రిల్ 5న, డెబ్బై ఏళ్ళ వయసులో, తాను చేయని నేరానికి కొండపల్లి విడిదిలో ఆయన తల నేల రాలింది.

గీలాన్ నుంచి దక్కనుకు

మహమూద్ గవాన్ 1411 ప్రాంతంలో ఇరాన్‌లోని గీలాన్ సీమలో పుట్టారు. కాస్పియన్ సముద్రం ఒడ్డున ఉండే పచ్చని ప్రాంతమది. ఆయన కుటుంబం అక్కడి పాలకుల వద్ద ఉన్నత పదవులు చేసిన కుటుంబం. కానీ ఆస్థానాల్లో పదవి ఎక్కడ ఉంటుందో అసూయ కూడా అక్కడే ఉంటుంది. శత్రువుల కుట్రలకు దూరంగా ఉండాలని ఆయన స్వదేశం విడిచారు. అధికారం వద్దనుకుని వర్తకం చేపట్టారు.

అయితే ఆయన సరుకు వెంటే తిరిగిన వర్తకుడు కాదు. ఏ ఊరు వెళ్ళినా అక్కడి ఆలిముల ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళేవారు. కైరోలో సహీహ్ బుఖారీకి సుప్రసిద్ధ వ్యాఖ్యానం రాసిన హాఫిజ్ ఇబ్నె హజర్ అస్ఖలానీని దర్శించుకున్నారు. సిరియా విద్వాంసుల వద్ద కూడా చదువుకున్నారు.

1453లో, నలభై దాటిన వయసులో, ఆయన ఓడ కొంకణ తీరంలోని దాభోల్ రేవుకు చేరింది. బీదర్‌లో ఉన్న షా ముహిబ్బుల్లా అనే సూఫీ గురువును దర్శించుకుని, తెచ్చిన సరుకు అమ్ముకుని, ఆపైన ఢిల్లీ వెళ్ళాలని ఆయన ఆలోచన. బీదర్ సుల్తాన్ రెండవ అలావుద్దీన్ అహ్మద్ షా ఆయన పాండిత్యాన్ని చూసి ఇక్కడే ఉండిపొమ్మన్నాడు. అలా ఒక గురువు దర్శనం కోసం వచ్చిన మనిషి మరో ఇరవై ఎనిమిదేళ్ళు దక్కనులోనే ఉండిపోయారు.

రెండు ఖజానాల మనిషి

తరువాతి సుల్తాన్ హుమాయూన్ షా ఆయనకు 'మలికుత్తుజ్జార్', అంటే వర్తకుల రాజు, అనే బిరుదు ఇచ్చాడు. హుమాయూన్ మరణించాక పసివాడైన సుల్తాన్ తరపున రాజ్యభారం మోసిన మండలిలో రాజమాతతో పాటు గవాన్ కూడా ఉన్నారు. మూడవ ముహమ్మద్ షా కాలంలో, 1466 నుంచి, ఆయనే ప్రధానమంత్రి.

ఆ రోజుల్లో ప్రధానమంత్రి అంటే సేనాపతి కూడా. గోవా రేవును 1472లో బహమనీల వశం చేసింది ఆయనే. ఆ యుద్ధాలను పొగడడం మా ఉద్దేశం కాదు. వాటిలో నలిగిపోయిన సామాన్యులు అన్ని వైపులా ఉన్నారు. మేము చెప్పదలచింది అంత అధికారం చేతిలో ఉన్నప్పుడు ఆయన ఇంట్లో ఎలా బతికారన్నది.

ఆయన వద్ద రెండు ఖజానాలు ఉండేవని చరిత్రకారుడు ఫరిష్తా రాశాడు. ఒకటి రాజు ఖజానా. జాగీరు మీద వచ్చే ఆదాయం అందులోకి చేరేది. సైనికుల జీతాలకు, గుర్రాలకు, ఏనుగులకు అందులోంచి ఖర్చు పెట్టేవారు. రెండవది పేదల ఖజానా. తాను ఇరాన్ నుంచి తెచ్చిన పెట్టుబడితో సాగిన వ్యాపారం మీద వచ్చే లాభం ఇందులోకి వెళ్ళేది. తన తిండీబట్టా కూడా ఆ వ్యాపార లాభం నుంచే. మట్టి పాత్రల్లో వండిన అన్నం తినేవారు, చాప మీద పడుకునేవారు. శుక్రవారం రాత్రుళ్ళు మామూలు దుస్తుల్లో బీదర్ వీధుల్లో తిరిగి, అవసరంలో ఉన్నవాళ్ళ చేతిలో డబ్బు పెట్టి, ఇది సుల్తాన్ పంపినదని చెప్పేవారట. ఇచ్చింది తాను, పేరు మరొకరికి! కుడి చేయి ఇచ్చింది ఎడమ చేతికి తెలియకూడదన్న బోధను ఇంతకంటే చక్కగా ఆచరించినవాళ్ళు అరుదు.

బీదర్ మదరసా

1472 నాటికి ఆయన బీదర్‌లో ఒక గొప్ప మదరసా కట్టించారు. 205 అడుగుల పొడవు, 180 అడుగుల వెడల్పు, మూడు అంతస్తులు. గోడల నిండా ఇరాన్ పద్ధతిలో రంగురంగుల పలకలు. విద్యార్థులకు గదులు, గురువులకు నివాసాలు, మసీదు, మూడు వేల గ్రంథాల గ్రంథాలయం. విద్యార్థులకు చదువుతో పాటు భోజనం, వసతి కూడా ఉచితం.

కాబాను నిర్మిస్తూ హజ్రత్ ఇబ్రాహీం, హజ్రత్ ఇస్మాయీల్ (అలైహిముస్సలాం) తమ సేవను స్వీకరించమని అల్లాహ్‌ను వేడుకున్న దుఆ మనకు తెలుసు. ఆ దుఆలోని అరబ్బీ అక్షరాల విలువలను కూడితే 876 వస్తుంది. మదరసా పూర్తయిన హిజ్రీ సంవత్సరం అదే! ఆ కాలపు కవి ఒకరు ఈ లెక్కను పట్టి పద్యంలో పెట్టారు.

ఆ మదరసాకు పెద్ద పెద్ద పండితులను రప్పించాలని గవాన్ ఆశపడ్డారు. హేరాత్‌లో ఉన్న మహాకవి జామీకి లేఖలు రాసి దక్కను రమ్మని ఆహ్వానించారు. జామీ రాలేదు గానీ స్నేహం మాత్రం ఉత్తరాల్లో కొనసాగింది. గవాన్ లేఖల సంపుటి 'రియాజుల్ ఇన్షా' నేటికీ చరిత్రకారులకు పెన్నిధి.

స్థానికులు, పరదేశులు

ఆనాటి బహమనీ ఆస్థానం రెండు వర్గాలుగా చీలి ఉండేది. ఒక వర్గం దక్కనీలు, అంటే తరాలుగా ఇక్కడే ఉన్నవాళ్ళు. రెండో వర్గం ఇరాన్, తురాన్, అరబ్బు దేశాల నుంచి కొత్తగా వచ్చిన అఫాఖీలు. వీళ్ళనే 'గరీబులు' అని కూడా పిలిచేవారు. అందరిదీ ఒకే కలిమా, ఒకే ఖిబ్లా. అయినా పదవుల దగ్గరకు వచ్చేసరికి ఒకరి రక్తం ఒకరు తాగేవారు.

గవాన్ తాను పరదేశి అయినా తనవాళ్ళకే పదవులు కట్టబెట్టలేదు. రెండు వర్గాలకూ సమంగా పంచారు. తెలుగు నేల విషయంలో కూడా ఆయన ముద్ర ఉంది. అంతవరకు నాలుగు పెద్ద సుబాలుగా ఉన్న రాజ్యాన్ని ఎనిమిదిగా విభజించారు. తెలంగాణ సుబా రెండై, ఒకటి వరంగల్ కేంద్రంగా, రెండోది రాజమండ్రి కేంద్రంగా ఏర్పడింది. ఒక్కో సుబేదారు చేతిలో ఒక్క కోట మాత్రమే ఉంచి, మిగతా కోటలను నేరుగా సుల్తాన్ మనుషులకు అప్పగించారు. భూములు కొలిపించి శిస్తు స్థిరపరిచారు. రాజ్యానికి ఇది మేలే. కానీ అధికారం తగ్గిన పెద్ద సర్దారులకు కంటగింపైంది. వాళ్ళలో ముఖ్యుడు తెలంగాణ సుబాలో సగం పోగొట్టుకున్న మలిక్ హసన్.

ఖాళీ కాగితం మీద ముద్ర

1481 తొలి మాసాల్లో సుల్తాన్ మూడవ ముహమ్మద్ షా కంచి దాకా దండెత్తి, అక్కడి ఆలయాలను కొల్లగొట్టి కొండపల్లికి తిరిగి వచ్చాడు. కుట్ర పండింది అప్పుడే.

గవాన్ ముద్ర ఆయన నౌకరు ఒకడి దగ్గర ఉండేది. విరోధులు వాడికి కానుకలు ఇచ్చి, మద్యం తాగించి, మడిచిన ఒక ఖాళీ కాగితం మీద ముద్ర వేయించుకున్నారు. తరువాత దాని మీద ఒక ఉత్తరం సృష్టించారు. ఒడిశా రాజు పురుషోత్తమ గజపతిని దండెత్తి రమ్మని, ఇద్దరం రాజ్యం పంచుకుందామని గవాన్ పిలుస్తున్నట్టు! సుల్తాన్ మద్యం మత్తులో ఉన్న సమయం చూసి దాన్ని అతడి ముందు పెట్టారు.

కబురు రాగానే ప్రమాదం పసిగట్టిన మిత్రులు వెళ్ళవద్దని గవాన్‌ను బతిమాలారు. గుర్రాలు సిద్ధంగా ఉన్నాయి, గుజరాత్ వెళ్ళిపొమ్మన్నారు. ఒకప్పుడు కుట్రలకు దూరంగా జన్మభూమినే విడిచి వచ్చిన మనిషి ఈసారి కదలలేదు. తప్పు చేయనివాడు ఎందుకు పారిపోవాలన్నది ఆయన ఉద్దేశం.

ఏలినవారికి ద్రోహం చేసినవాడికి శిక్ష ఏమిటని సుల్తాన్ అడిగాడు. మరణమేనన్నారు గవాన్. ఉత్తరం చూపించారు. ముద్ర తనదే గానీ ఉత్తరం తనది కాదని ఆయన చెప్పారు. ఉత్తరం పట్టుకెళ్ళే మనిషి ఎవరు, రాసింది ఎవరి చేయి, ముద్ర ఎవరి దగ్గర ఉంటుంది? ఈ మూడు ప్రశ్నల్లో ఒక్కటి అడిగినా నిజం బయటపడేది. సుల్తాన్ ఏదీ అడగలేదు. జౌహర్ అనే బానిసకు ఆజ్ఞ ఇచ్చి లేచిపోయాడు. గవాన్ ఖిబ్లా వైపు తిరిగి మోకరిల్లి కలిమా చదువుకున్నారు. కత్తి దిగింది.

మిగిలినది ఏమిటి

ఆయన అపార ధనం దాచి ఉంటాడని అనుకున్న సుల్తాన్ ఖజానాదారును పిలిపించాడు. ఫరిష్తా ప్రకారం పేదల ఖజానాలో మిగిలినవి 300 'లారీలు', అంటే ఆ కాలపు చిన్న వెండి నాణేలు. పుస్తకాలు మదరసా విద్యార్థుల సొత్తు. చాపలు, మట్టి పాత్రలు తప్ప ఇంట్లో చెప్పుకోదగ్గ సామాను లేదు. సుల్తాన్‌కు అప్పుడు నిజం తెలిసింది. పశ్చాత్తాపంతో కుమిలి, ఏడాది తిరగకుండానే 1482 మార్చిలో చనిపోయాడు. అప్పటికి అతడి వయసు ముప్పై కూడా నిండలేదు.

తరువాత రాజ్యాన్ని నిలబెట్టే మనిషి లేడు. కొన్నేళ్ళలోనే బిజాపూర్, అహ్మద్‌నగర్, బేరార్ వేరుపడ్డాయి. ఆ తరువాత గోల్కొండ. బహమనీ సుల్తాన్లు పేరుకు మాత్రమే మిగిలారు. కొండపల్లి సైతం శ్రీకృష్ణదేవరాయల చేతికి, ఆపైన గోల్కొండ కుతుబ్ షాహీల చేతికి మారింది. ఆనాటి సర్దారుల్లో ఎవరు గెలిచారో ఇప్పుడు ఎవరికి గుర్తుంది?

దివ్యఖుర్ఆన్‌లోని అల్-హుజురాత్ సూరా 6వ ఆయతు ఎవరైనా దుర్మార్గుడు వార్త మోసుకొస్తే విచారించి తెలుసుకోమని ఆదేశిస్తుంది. లేకుంటే తెలియక ఇతరులకు హాని చేసి తరువాత చింతించవలసి వస్తుందని హెచ్చరిస్తుంది. ఆ ఆయతు తెలిసిన సుల్తాన్ ఆస్థానంలోనే ఈ ఘోరం జరిగింది. నేడు మన చేతిలో సుల్తాన్ అధికారం లేదు గానీ ఫోను ఉంది. ఎవరో పంపిన ఒక ఫొటో, ఒక మాట, ఒక ఉత్తరం నకలు. 'ముద్ర ఉంది కదా' అని ముందుకు పంపేస్తాం. మసీదు కమిటీ పెద్ద మీద, పొరుగింటి ఆడపిల్ల మీద, బతుకుతెరువు కోసం వేరే ఊరి నుంచి వచ్చి మన మొహల్లాలో అద్దెకు దిగిన కుటుంబం మీద ఎన్ని మాటలు ఇలా తిరుగుతున్నాయో మనకు తెలియనిది కాదు. కత్తి లేకుండానే మనిషిని చంపే పని అది.

ఖ్వాజా భౌతికకాయాన్ని బీదర్ తీసుకువెళ్ళి ఊరి బయట ఖననం చేశారు. మదరసాలో కొంత భాగం 1696లో మందుగుండు పేలి కూలిపోయింది. అయినా ఒక మీనారు, నీలి పలకల గోడ ఇప్పటికీ నిలబడి ఉన్నాయి. హైదరాబాద్ నుంచి మూడు గంటల ప్రయాణం. పిల్లలను ఒకసారి తీసుకువెళ్ళి చూపించండి.

కొండపల్లి వెళ్ళినప్పుడు మాత్రం బొమ్మలు కొన్నాక ఒక్క నిమిషం ఆగి కొండ వైపు చూడండి. ఇంత దూరం వచ్చి, ఇంత చదువు పంచి, ఇక్కడే నేలకొరిగిన ఆ పరదేశి మగ్‌ఫిరత్ కోసం దుఆ చేయండి. ఆ కథ పిల్లలకు చెప్పండి. అడగవలసిన మూడు ప్రశ్నలు కూడా నేర్పండి: ఎవరు తెచ్చారు, ఎవరు రాశారు, ముద్ర ఎవరి దగ్గర ఉంది?