ఐదు రూపాయల వడ్డీ నుంచి బయటపడే లెక్క

మా తెలుగు సంఘానికి ఈ మధ్య వచ్చే వినతుల్లో ఎక్కువ భాగం అప్పుల గురించే. కులధ్రువీకరణ పత్రాలకు, పెన్షన్ కాగితాలకు వచ్చినవారు కూడా చివర్లో గొంతు తగ్గించి ఈ మాటే ఎత్తుతున్నారు. అందుకని మాకు తెలిసిన ఒక ఇంటి లెక్కను, ఆ ఇంటివారి అనుమతితో, పేర్లు లేకుండా ఇక్కడ రాస్తున్నాము.

ఇంటాయన తెల్లవారకముందే ఊరిగాం స్టేషన్‌లో మారికుప్పం రైలెక్కి బెంగుళూరులో సెక్యూరిటీ పనికి వెళ్తాడు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాక మన ఊళ్లో సగం ఇళ్ల బతుకు ఈ రైలే కదా. జీతం 18,000. ఇంటావిడ కుట్టుపని 4,000, గృహలక్ష్మి 2,000. మొత్తం 24,000.

అప్పులు మూడు రకాలు. కూతురి ఫంక్షన్‌కు తెచ్చిన చేబదులు 60,000, ఐదు రూపాయల వడ్డీ. మైక్రోఫైనాన్స్ సంఘాలు రెండు, కంతులు నెలకు 5,200. తాకట్టు కొట్లో గొలుసు మీద 40,000, రెండు రూపాయల వడ్డీ. అంటే నెలకు 3,000, 5,200, 800, కలిపి 9,000. ఇంటిఖర్చు 17,000. నెలనెలా 2,000 తక్కువ. ఆ 2,000 కోసం మళ్లీ చేబదులు.

ఐదు రూపాయల వడ్డీ అంటే చాలామందికి చిన్నమాటగా వినిపిస్తుంది. నూటికి నెలకు 5 అంటే ఏడాదికి 60. ఇరవై నెలలు కడితే వడ్డీయే అసలంత అవుతుంది, అసలు మాత్రం అలాగే కూర్చుని ఉంటుంది. బ్యాంకులో బంగారం మీద ఏడాదికి 10 శాతం దగ్గర దొరుకుతుంటే మనవాళ్లు 60 శాతం కడుతున్నారు. కారణం ఒక్కటే, చేబదులిచ్చేవాడు కాగితాలు అడగడు, రాత్రి పదింటికైనా ఇస్తాడు.

మేము మొదట ఖర్చుల జోలికి పోలేదు, గొలుసు చూశాము. కుదువపెట్టిన నాటికీ ఇప్పటికీ బంగారం ధర బాగా పెరిగింది. అదే గొలుసు మీద బ్యాంకు లక్ష ఇస్తానంది. కానీ గొలుసు చేతిలో ఉంటేనే కదా! ఇంటావిడ తమ్ముడు ఒక్క పూట కోసం 40,000 సర్దాడు. ఉదయం కొట్లో విడిపించి, మధ్యాహ్నానికి బ్యాంకులో పెట్టి, తమ్ముడివి 40,000, చేబదులు 60,000 అదేరోజు తీర్చేశారు. నెలకు 3,800 వడ్డీ పోయి 850 లోపు మిగిలింది. మూడు కిలోమీటర్లకు పైగా లోతు తవ్వి బంగారం తీసిన ఊళ్లో ఆడవాళ్ల మెడలు బోసిగా ఉండటం మాకూ బాధే. అయినా గొలుసు ఎక్కడున్నా తాకట్టులోనే ఉంటే, తక్కువ వడ్డీ ఉన్నచోట ఉండటం మేలు.

ఒక హెచ్చరిక. బ్యాంకులో పెట్టి గడువు మరిచిపోతే గొలుసు వేలానికి పోతుంది. చేతిలో వడ్డీ మిగిలింది కదా అని మళ్లీ చీటీ ఎత్తితే అంతే సంగతులు.

ఆ తరువాతే ఖర్చులు. బెంగుళూరులో దిగి టిఫిన్, టీలకు రోజుకు 70, నెలకు 26 రోజులు, 1,820. ఇప్పుడు రాగిముద్ద, సొరకాయ పులుసు క్యారియర్‌లో వెళ్తున్నాయి. ప్రతి ఆదివారం మటన్ బదులు నెలకొకసారి మటన్, మిగిలిన వారాలు కోడి. దాంతో 750. రేషన్ బియ్యం చవకగా అమ్మేసి సన్నబియ్యం కొనే అలవాటు మానారు. అన్నానికి నచ్చకపోతే దోసెలకు రుబ్బుకోవచ్చు. కుట్టుసామాన్లకు బంగారుపేట వెళ్లడానికి ఆవిడకు శక్తి బస్సు ఉచితం. అన్నీ కలిపి 3,000 దాటింది. పిల్లల ఫీజు, అత్తగారి మందులు ముట్టుకోవద్దని మేమే చెప్పాము.

అసలు గొడవ చదివింపుల దగ్గర వచ్చింది. బంధువుల ఫంక్షన్లకు 2,000 పెట్టేచోట 500 పెట్టడానికి ఇంటాయన ఒప్పుకోలేదు. పరువు పోతుందన్నాడు. మేనత్త గారే కల్పించుకుని, "నాకు తెలుసులేరా, ముందు అప్పు తీర్చుకో" అన్నాక తగ్గాడు.

ఇప్పుడు ఇంటిఖర్చు 14,000, కంతులు 5,200, మిగిలిన 4,800 బ్యాంకుకు. ఏడో నెల నడుస్తోంది. మధ్యలో ఒక చావుఖర్చు వచ్చి 2,000 తక్కువ కట్టారు. లక్ష 78,000కు దిగింది. మైక్రోఫైనాన్స్ అయిపోగానే ఆ 5,200 కూడా ఇటే వేస్తే మరో పది, పదకొండు నెలల్లో గొలుసు ఇంటికొస్తుంది.

మైక్రోఫైనాన్స్ వారి విషయంలో రెండు సంగతులు గుర్తుంచుకోండి. రిజర్వుబ్యాంకు 2022 నిబంధనల ప్రకారం ఒక ఇంటి కంతులన్నీ కలిపి నెల ఆదాయంలో సగం దాటరాదు, ముందుగా తీర్చినందుకు జరిమానా వేయరాదు. వసూలుకు ఉదయం 9కి ముందు, సాయంత్రం 6 తరువాత ఫోన్ చేయకూడదు. వేధింపుల మీద మన కర్ణాటక ప్రభుత్వం 2025 ఫిబ్రవరిలో ఆర్డినెన్స్ తెచ్చింది, 10 ఏళ్ల వరకు జైలు, 5 లక్షల వరకు జరిమానా ఉంది. ఆంధ్రలో 2010లోనే ఇలాంటిది వచ్చింది. ఇంటిముందు నిలబడి అరిచేవాడికి భయపడి ఇంకోచోట అప్పు తేవద్దు, పోలీసు స్టేషన్‌కు వెళ్లండి, కావాలంటే మేము వెంట వస్తాము.

లెక్క వేయించుకోదలచినవారు ఆదివారం ఉదయం సంఘానికి రండి. కంతుల కార్డులు, తాకట్టు రసీదులు తెచ్చుకోండి. భార్యాభర్తలిద్దరూ కలిసి రావాలి, ఒకరికి తెలియకుండా ఇంకొకరు చేసిన అప్పు ఉంటే అదీ ఆ రోజే చెప్పాలి.