మొరాయించే బఫింగ్ మిషన్: తప్పు మోటారుదేనా?

బఫింగ్ మిషన్ పూర్తిగా ఆగిపోతే కారుకు నష్టమేమీ లేదు, పని వాయిదా పడుతుంది. నష్టం చేసేది ఆగీ ఆగనట్టు నడిచే మిషన్. ఈనాటి కార్ల రంగు మీద ఉండే క్లియర్ కోట్ మందం చాలావరకు 40, 50 మైక్రాన్లు. తల వెంట్రుక సగటున అంతకన్నా లావు. పాలిష్ పట్టడమంటే ఆ పలుచని పొరలోంచే ఒకటి రెండు మైక్రాన్లు అరగదీయడం. 150 మిల్లీమీటర్ల ప్యాడ్ నిమిషానికి 1,500 చుట్లు తిరిగితే దాని అంచు సెకనుకు సుమారు 12 మీటర్ల వేగంతో రంగును రాపాడుతుంది; చుట్లు 2,500కు ఎగబాకితే ఆ వేగం 20 మీటర్లకు చేరువవుతుంది. చెప్పాపెట్టకుండా వేగం ఇలా మారితే బానెట్ మడతల దగ్గర, డోరు అంచుల దగ్గర పూత వేడెక్కి మాడుతుంది. తర్వాత మళ్లీ పెయింట్ కొట్టడం తప్ప దారి ఉండదు. అందుకే మొరాయించే మిషన్‌తో ఎలాగోలా సర్దుకుపోకూడదు, అలాగని వెంటనే పారేయనూ అక్కర్లేదు. దాని ఒడుదొడుకులకు కారణాలుంటాయి. వాటిలో చాలావాటిని మోటారు విప్పకముందే, ప్లగ్గు వైపు నుంచి వెతికితే పట్టుకోవచ్చు.

సూరత్ దక్షిణాన, ఉధ్నా, సచిన్ రైల్వే స్టేషన్ల మధ్య ఉన్న భేస్తాన్ లాంటి చోట ఈ మిషన్ మీద ఒక అపవాదు తేలిగ్గా పుడుతుంది. పక్కనే పాండేసర పారిశ్రామిక వాడ. సూరత్ మరమగ్గాల మీద కరీంనగర్, వరంగల్, నల్గొండ ప్రాంతాల నుంచి వలస వెళ్లిన తెలుగు నేత కుటుంబాలు ఎన్నో బతుకుతున్నాయి. మగ్గం మోటారు ఏళ్ల తరబడి తిరుగుతుంటే బఫింగ్ మిషన్ తరచూ మరమ్మతుకు రావడం చూసినవాళ్లకు రెండోది నాసిరకం అనిపించడం సహజం. కానీ ఆ రెండూ వేర్వేరు జాతులు. మగ్గాన్ని నడిపేది ఇండక్షన్ మోటారు. తిరిగే భాగానికి బయటి నుంచి కరెంటు అందించే పని లేదు కాబట్టి అందుకు వాడే కార్బన్లు అందులో ఉండవు. అయితే 50 హెర్ట్‌జ్ కరెంటు మీద దాని వేగం నిమిషానికి 3,000 చుట్లు దాటదు, వెయ్యి వాట్ల పైచిలుకు శక్తి కావాలంటే బరువు పది కిలోలు మించుతుంది. దాన్ని చేత్తో పట్టుకుని డోరు మీద పని చేయలేం. బఫింగ్ మిషన్‌లో ఉండే యూనివర్సల్ మోటారు లోపల 20, 30 వేల చుట్లు తిరిగి, గేర్ల ద్వారా వేగం తగ్గించుకుంటుంది. అంత శక్తి రెండు మూడు కిలోల మిషన్‌లో ఇమిడేది అందువల్లే. ఆ తేలికదనానికి కట్టే మూల్యమే కార్బన్ల అరుగుదల.

ముందు కరెంటు సంగతి. 1,400 వాట్ల మిషన్ 230 వోల్టుల దగ్గర సుమారు 6 ఆంపియర్లు లాగుతుంది. 0.75 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరుతో 30 మీటర్ల ఎక్స్‌టెన్షన్ వేస్తే, రానూ పోనూ 60 మీటర్లకు నిరోధం 1.4 ఓమ్‌లు. అంటే 8 వోల్టులు వైరులోనే కరిగిపోతాయి. గట్టిగా అదిమి 9 ఆంపియర్లు లాగిస్తే 12 దాటుతాయి. 1956 నాటి భారత విద్యుత్ నిబంధనలు 6 శాతం హెచ్చుతగ్గులను అనుమతించాయి. ఆ లెక్కన ఇంటికి 216 వోల్టులే వచ్చినా తప్పుపట్టలేం. రెండూ కలిస్తే మిషన్‌కు అందేది 205 లోపే, శక్తి సుమారు ఐదో వంతు పడిపోతుంది. అదే లైను మీద పక్క షెడ్డులో మగ్గాల మోటార్లు స్టార్టయితే ఒక్కొక్కటీ క్షణకాలం మామూలు కన్నా ఐదారు రెట్లు కరెంటు లాగుతుంది, వోల్టేజీ ఇంకాస్త కుంగుతుంది. మీటరు దగ్గర సరిగ్గానే ఉందిగా అని అడగవచ్చు. లోడు లేనప్పుడు కొలిస్తే ఎక్కడైనా సరిగ్గానే కనిపిస్తుంది. మిషన్ పని చేస్తుండగా ఎక్స్‌టెన్షన్ చివర కొలవాలి. 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు వేస్తే నష్టం మూడో వంతుకు దిగుతుంది. తడి నేల మీద పని కాబట్టి 30 మిల్లీఆంపియర్లకే లైను తెంచే ఆర్‌సీసీబీ కూడా పెట్టి తీరాలి.

వోల్టేజీ తగ్గిన మిషన్ మందగిస్తుంది, పనివాడు ఇంకా అదుముతాడు. చల్లబరిచే ఫ్యాను అదే షాఫ్టు మీద ఉంది కాబట్టి వేడి పెరిగే సమయానికే గాలి తగ్గుతుంది. వైండింగ్ ఇన్సులేషన్ వేడి 8, 10 డిగ్రీలు పెరిగిన ప్రతిసారీ దాని ఆయుష్షు సగమవుతుందన్నది 1930లో మోంట్‌సింగర్ ట్రాన్స్‌ఫార్మర్ల మీద రాసిన పత్రం నుంచీ ఇంజనీర్లు పాటిస్తున్న అంచనా. పలుచని వైరు ఇవాళ మెరుపు తగ్గిస్తుంది, కొన్ని నెలలకు మోటారులో తిరిగే భాగమైన ఆర్మేచర్‌ను కాలుస్తుంది. కాలిన రోజున నింద మాత్రం మోటారు మీద పడుతుంది.

ఇక కార్బన్లు. వానాకాలం తేమ వాటిని తినేస్తుందన్న భయం చాలామందిలో ఉంది. నిజానికి గ్రాఫైట్‌కు నీటి ఆవిరి కావాలి. రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఎత్తున ఎగిరే విమానాల జనరేటర్లలో కార్బన్లు చూస్తుండగానే పొడైపోయేవి. పైన పొడిగాలిలో ఆవిరి లేకపోవడమే కారణమని, గ్రాఫైట్ జారుడుతనానికి ఆ ఆవిరే ఆధారమని జనరల్ ఎలక్ట్రిక్ పరిశోధకుడు సావేజ్ ప్రయోగాలు తేల్చాయి. ఆయన పత్రం 1948లో వచ్చింది. సూరత్ సముద్రపు తేమ ఆ విధంగా కార్బన్లకు మేలే చేస్తుంది. శత్రువు వేరే ఉంది. పాలిషింగ్ కాంపౌండ్లలో ఎక్కువగా వాడేది అల్యూమినియం ఆక్సైడ్. మోహ్స్ కొలమానంలో దాని గట్టిదనం 9, కార్బన్లు రాసుకునే కమ్యుటేటర్‌లోని రాగిది 3. ఎండిన కాంపౌండ్ దుమ్ము, ఊల్ ప్యాడ్ పీచు గాలి రంధ్రాల్లోంచి లోపలికి చేరి రాగిని గీరుతుంది, కార్బన్‌ను దాని గూట్లో బిగదీస్తుంది. బిగిసిన కార్బన్ రాగిని ఒకసారి తాకి ఒకసారి వదిలేస్తుంది. మిషన్ తట్టితే నడిచి, పక్కకు వంచితే ఆగేది ఇందుకే. రోజూ పని అయ్యాక రంధ్రాల్లోకి మెల్లగా గాలి కొట్టడం దీనికి విరుగుడు. కార్బన్ల దగ్గర చిన్న నీలి మెరుపులు మామూలే. కమ్యుటేటర్ చుట్టూ నారింజ రంగు నిప్పు వలయంలా తిరిగితే మాత్రం వెంటనే ఆపాలి: కార్బన్లు చివరికొచ్చి ఉండాలి, లేదా ఆర్మేచర్ చుట్టు షార్టయి ఉండాలి. కార్బన్లను జతగానే మార్చాలి, కొత్తవి రాగి వంపుకు సర్దుకునేదాకా కొన్ని నిమిషాలు లోడు లేకుండా తిప్పాలి.

ఇంత తంటా ఎందుకు, ఖరీదైన మిషన్ కొనవచ్చు కదా అనేవారి వాదనలో కొంత నిజం ఉంది. మంచి మిషన్లలో వేగాన్ని కొలిచి, అదిమినప్పుడు కరెంటు పెంచి, ఎత్తినప్పుడు తగ్గించే సర్క్యూట్ ఉంటుంది. చౌక మిషన్లలో అది ఉండదు. అదిమితే కుంగి, ఎత్తితే ఎగురుతాయి. రంగుకు అది పెద్ద తేడా. కానీ ఖరీదైన మోటారు కూడా పలుచని వైరు మీద కుంగుతుంది, అల్యూమినా దుమ్ముకు అరుగుతుంది. పరికరం మార్చి పరిసరాలు మార్చకపోతే డబ్బే వృథా. ఒక్క లోపం విషయంలో మాత్రం ఏ వాదనా వినకూడదు. డయల్ ఒకటి దగ్గర ఉన్నా స్విచ్ నొక్కగానే పూర్తి వేగం అందుకుంటే వేగం నియంత్రించే ట్రయాక్ షార్టయిందని అనుమానించాలి. అలాంటి మిషన్‌ను చేతికిచ్చి, మాడిన బానెట్ ఖర్చును పనివాడి కూలిలో కోయడం అన్యాయం.

చివరికి ఆర్మేచర్ కాలిందనుకుందాం. రీవైండింగ్ చవక, మన ఊళ్లలోనూ సూరత్‌లోనూ చేసేవాళ్లకు కొదవ లేదు, అది చాలదా అంటే, బ్యాలెన్సింగ్ చేస్తేనే చాలుతుంది. నిమిషానికి 25,000 చుట్లు తిరిగే ఆర్మేచర్‌లో, ఇరుసుకు రెండు సెంటీమీటర్ల దూరంలో ఒక్క గ్రాము వార్నిష్ ఒకవైపు ఎక్కువైతే పుట్టే అపకేంద్ర బలం 137 న్యూటన్లు. పద్నాలుగు కిలోల బరువు సెకనుకు నాలుగు వందల సార్లకు పైగా దిశ మారుస్తూ బేరింగులను గుంజినట్టు. చుట్టడం ఎంత నేర్పుగా చేసినా, బ్యాలెన్సింగ్ యంత్రం లేని షాపులో చుట్టించిన ఆర్మేచర్ కన్నా కంపెనీ నుంచి వచ్చిన కొత్తది వేయించడమే చవక.