చలికాలపు దిగులుకు తైలాభ్యంగనం

మార్గశిర, పుష్య మాసములు హేమంత ఋతువు. మాఘ, ఫాల్గుణములు శిశిర ఋతువు. ఈ నాలుగు మాసములలో మా వద్దకు వచ్చే రోగులు చెప్పుకొనే బాధలు తక్కిన కాలపు బాధలకు కొంత భిన్నంగా ఉంటాయి. "ఒళ్లంతా పట్టేసినట్లున్నదండీ", "పొద్దు గుంకితే చాలు, ఏమిటో దిగులుగా ఉంటోంది", "తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చి మళ్లీ నిద్ర పట్టడం లేదు" అంటారు. జ్వరం ఉండదు. రక్తపరీక్షలలో దోషం కనిపించదు. అయినా మనిషిలో ఉత్సాహం ఉండదు. ఇటువంటి వారిలో చాలామందికి మేము ముందుగా చెప్పేది కషాయమూ కాదు, లేహ్యమూ కాదు. తైలాభ్యంగనం, అనగా గోరువెచ్చని నూనెతో ఒంటిని మర్దించడం.

చలికి, మనస్సుకు సంబంధమేమి?

చలి, రూక్షత అనగా పొడిదనం, ఈ రెండూ వాతము యొక్క స్వగుణములు. వెలుపల చలిగాలి వీచేకొద్దీ లోపలి వాతం ప్రకోపిస్తుంది. చర్మం పగులుతుంది, కీళ్లు బిగుసుకుంటాయి, మెడ, భుజములు పట్టేస్తాయి. మనస్సును నడిపించేదీ, అదుపులో ఉంచేదీ వాయువేనని చరకసంహిత చెబుతున్నది. కనుక వాయువు చెడినప్పుడు దేహంతో పాటు మనస్సు కూడా కుదురు తప్పుతుంది. కారణం లేని ఆందోళన, చిరాకు, నిద్రలేమి కలుగుతాయి.

దీనికి తోడు పగటి వెలుగు తగ్గుతుంది. డిసెంబరు చివరి వారంలో హైదరాబాదులో పగలు సుమారు 11 గంటలు మాత్రమే. మన పిల్లలు ఉద్యోగాలు చేసుకొనే అమెరికాలోని చికాగో వంటి నగరాలలో అది 9 గంటలకు తగ్గిపోతుంది. శీతకాలంలో వచ్చి వసంతంలో తగ్గిపోయే ఇటువంటి దిగులును 1984లో అమెరికా వైద్యులు ఒక ప్రత్యేక వ్యాధిగా వర్ణించారు. ఆదిలాబాదులోనో, లంబసింగిలోనో చలికి వణికే వారికి పగటి వెలుగు అంతగా తగ్గదు కాని, తలుపులు బిగించుకొని, దుప్పటి కప్పుకొని లోపలే ఉండిపోవడం వలన ఉన్న వెలుగు కూడా వారికి దక్కదు.

స్పర్శ కూడా ఔషధమే

వాయువు విశేషంగా స్పర్శనేంద్రియమందు ఉంటుందనీ, ఆ ఇంద్రియానికి ఆశ్రయం చర్మమనీ, కనుక అభ్యంగనం చర్మానికి మిక్కిలి హితమనీ చరకుడు చెప్పినాడు. నూనె పట్టించిన కుండ, తోలు, బండి ఇరుసు ఎట్లు దృఢంగా నిలుస్తాయో, అభ్యంగనం చేత శరీరమూ అట్లే శ్రమకు ఓర్చుకుంటుందని ఆయన ఇచ్చిన పోలిక. వాగ్భటుడు అష్టాంగహృదయంలో అభ్యంగనాన్ని నిత్యవిధిగా చెప్పి, తల, చెవులు, పాదములకు దానిని విశేషంగా చేయమన్నాడు. హేమంత ఋతుచర్యలోనూ వాతహరమైన తైలములతో అభ్యంగనం, తలకు నూనె, ఒళ్లు పట్టడం విధించబడినవి. ఈ ఋతువులో జఠరాగ్ని బలంగా ఉంటుంది కనుక దేహం స్నేహద్రవ్యాన్ని చక్కగా గ్రహిస్తుంది.

నేటి శాస్త్రజ్ఞులు కూడా చర్మం వైపు దృష్టి సారించారు. ఉష్ణమును, స్పర్శను మన నాడులు ఎట్లు గ్రహిస్తాయో కనుగొన్న డేవిడ్ జూలియస్, ఆర్డెమ్ పటపూటియన్‌లకు 2021లో నోబెల్ బహుమతి లభించింది. రోమములు గల చర్మంలో మృదువైన స్పర్శకు మాత్రమే స్పందించే ఒక విధమైన సన్నని నాడులు ఉన్నాయనీ, సెకనుకు 1 నుండి 10 సెంటీమీటర్ల వేగంతో నెమ్మదిగా నిమిరినప్పుడు అవి బాగా స్పందిస్తాయనీ, ఆ స్పర్శయే మనకు హాయిగా తోస్తుందనీ పరిశోధనలు తెలుపుతున్నాయి. తల్లి బిడ్డ వీపు నిమిరే వేగం కూడా ఇంచుమించు ఇదే.

ఇక్కడ పాఠకులు గమనించవలసినది ఒకటి ఉన్నది. నూనె ఎంత ముఖ్యమో, దానిని రాసే చేయి అంత ముఖ్యం. మా వద్దకు వచ్చిన ఒక పెద్దావిడ సంగతి చెబుతాము. భర్త పోయిన తరువాత ఆమె కుమారుని ఇంట ఉంటున్నారు. తిండికి, బట్టకు లోటు లేదు. రెండేళ్లుగా చలికాలం వస్తే చాలు, ఒళ్లు నొప్పులు, నిద్రలేమి. ఆమెకు మందులతో పాటు, రోజూ రాత్రి మనుమరాలు పాదాలకు నూనె రాయాలని చెప్పాము. "చదువుకొనే పిల్ల, దానికెందుకు శ్రమ, నేనే రాసుకుంటాను" అన్నారు. పిల్లే రాయాలని పట్టుబట్టాము. మూడు వారాల తరువాత వచ్చినప్పుడు ఆవిడ నొప్పుల మాట ఎత్తక ముందే మనుమరాలు చెప్పే బడి కబుర్లు చెప్పడం మొదలుపెట్టారు. నొప్పులు పూర్తిగా పోలేదు. కాని నిద్ర పడుతున్నది. మన ఇళ్లలో వృద్ధులను కొట్టేవారు లేరు, తిట్టేవారు తక్కువ. కాని వారిని తాకేవారు కూడా కరవైపోతున్నారు. వారానికొక తలంటు ఉన్న రోజులలో ఈ లోటు ఉండేది కాదు.

నిరుత్సాహం రెండు విధములు

దిగులుగా ఉన్నవారందరికీ నూనె పట్టించడం సరికాదు. ఆందోళన, నిద్రలేమి, ఒళ్లు బిగుసుకుపోవడం, చర్మం పొడిబారడం ఉంటే అది వాతలక్షణం. దీనికి తైలాభ్యంగనం తగినది. అట్లుగాక ఎంతసేపు నిద్రించినా మత్తు వదలకపోవడం, ఒళ్లు బరువు, నోరు జిగురు, ఆకలి మందం, ఏ పనీ చేయబుద్ధి కాకపోవడం ఉంటే అది కఫలక్షణం. వీరికి నూనె మరింత బరువును కలిగిస్తుంది. వీరు ఉద్వర్తనం, అనగా పొడి నలుగు పెట్టుకొనవలెను. వేయించి విసిరిన ఉలవపిండిని క్రింది నుండి పైకి, రోమములకు ఎదురుగా, చర్మం వెచ్చబడే వరకు పది నిమిషములు రుద్ది గోరువెచ్చని నీటితో స్నానం చేయవలెను. తరువాత ఎండలో అరగంట నడక వీరికి మంచి మందు.

నూనె తయారుచేసుకొనే విధానం

సామాన్యులకు గానుగ నువ్వుల నూనె ఒక్కటే చాలును. క్షీరబలా తైలం, ధాన్వంతర తైలం, మహానారాయణ తైలం ఔషధ దుకాణాలలో దొరుకుతాయి. వైద్యుని అడిగి ఎంచుకొనవలెను. ఒళ్లు వేడి చేసే పిత్తప్రకృతి వారికి చందనబలాలాక్షాది తైలం అనుకూలం.

ఓపిక గలవారు అశ్వగంధ తైలాన్ని ఇంటిలోనే కాచుకొనవచ్చును. అశ్వగంధ చూర్ణం 50 గ్రాములు తీసుకొని నీటితో ముద్దగా నూరవలెను. నువ్వుల నూనె 200 మిల్లీలీటర్లు, నీరు 800 మిల్లీలీటర్లు కలిపి అడుగు మందం గల వెడల్పాటి పాత్రలో ఆ ముద్దను వేసి, సన్నని మంటపై అడుగంటకుండా కలుపుతూ కాచవలెను. నీరంతా ఇగిరి నూనెపై నురుగు తేలినప్పుడు, అడుగు ముద్దను కొంచెం తీసి వేళ్లతో వత్తిగా చేసి చూడవలెను. అది వత్తిగా సాగి, నిప్పులో వేస్తే చిటపటలాడక కాలినచో పాకం సరిపోయినట్లు. దించి, వడగట్టి, గాజుసీసాలో భద్రపరచుకొనవలెను. పొయ్యి దగ్గర నుండి కదలరాదు; పిల్లలను దరి చేరనీయరాదు.

మర్దన చేయు పద్ధతి

ఉదయం కాలకృత్యములు ముగించి, ఏమీ తినకముందు, గాలి తగలని చోట కూర్చొనవలెను. 50 మిల్లీలీటర్ల నూనె గల గిన్నెను వేడినీటిలో నిలిపి, ముంజేతిపై ఒక చుక్క వేసుకొని వేడి సరిచూడవలెను. నూనెను నేరుగా మంటపై వేడిచేయరాదు.

మొదట మాడుకు, తరువాత చెవుల వెనుక, మెడ, భుజములకు రాయవలెను. చేతులకు, కాళ్లకు పొడవుగాను, కీళ్లకు గుండ్రంగాను, పొట్టపై బొడ్డు చుట్టూ కుడి నుండి ఎడమకు తేలికగాను మర్దించవలెను. వీపు భాగం ఇంటివారు రాయవలెను. మనస్సు కలతగా ఉన్నవారికి బలంగా పిసకడం కంటే నిదానంగా, అరచేయి నిండుగా ఆనించి నిమరడమే మేలు. సుశ్రుతానికి వ్యాఖ్య వ్రాసిన డల్హణుడు తైలం రోమమూలములను చేరడానికి 300 మాత్రల కాలం, మజ్జను చేరడానికి 900 మాత్రల కాలం పడుతుందని చెప్పినాడు. తొందర పడి చేసే అభ్యంగనానికి ఫలం తక్కువని దీని భావం. మొత్తం 20 నుండి 30 నిమిషములు పట్టును.

పిమ్మట లేత ఎండలో కొద్దిసేపు కూర్చొని, సున్నిపిండితో నలుగు పెట్టి, వేడినీటితో స్నానం చేయవలెను. తలపై మాత్రం మిక్కిలి వేడి నీరు పోసుకొనరాదు; అది కన్నులకు, కేశములకు హాని అని వాగ్భటుడు హెచ్చరించినాడు. నూనె కాళ్లతో స్నానాలగదిలో జారి తుంటి విరిగిన వృద్ధులు ఉన్నారు. కనుక అరికాళ్లను గుడ్డతో తుడిచిన తరువాతనే లేవవలెను.

రోజూ ఇంత వీలుపడని వారు వారానికి ఒకటి రెండుసార్లు పూర్తి అభ్యంగనం చేసి, ప్రతి రాత్రి పాదాభ్యంగనం చేసుకొనవచ్చును. రెండు చెంచాల నూనెతో ఒక్కొక్క పాదాన్ని ఐదు నిమిషములు మర్దించి, తుడిచి, పలుచని మేజోళ్లు తొడుగుకొని పడుకొనవలెను. నిద్రకు ఇది చక్కని సాధనం.

ఎవరు చేయరాదు?

జ్వరం, అజీర్ణం, జలుబు, దగ్గు ఉన్నప్పుడు, వమన విరేచనముల వెంటనే, భోజనం కాగానే అభ్యంగనం కూడదు. పుండ్లు, చర్మవ్యాధులు ఉన్నచోట నూనె రాయరాదు. ఒక పిక్క మాత్రమే వాచి నొప్పి పెడుతుంటే దానిని మర్దించరాదు. రక్తనాళంలో గడ్డ ఉండవచ్చును, వెంటనే వైద్యునికి చూపవలెను. మధుమేహంతో పాదాలు మొద్దుబారిన వారికి వేడి తెలియదు గనుక వేరొకరు వేడి సరిచూడవలెను. గర్భిణులు తమ వైద్యుని అడగవలెను.

మరొక మాట. థైరాయిడ్ గ్రంథి మందగించినా చలికి ఓర్వలేకపోవడం, దిగులు, ఒళ్లు బరువు కలుగుతాయి. ఒకసారి పరీక్ష చేయించుకొనుట మంచిది. రెండు వారములకు మించి దిగులు వదలక, తిండి, నిద్ర, పని మీద ఆసక్తి పూర్తిగా పోయినచో నూనెతో కాలయాపన చేయక మానసిక వైద్యుని సంప్రదించవలెను. బ్రతుకు వద్దనిపించే ఆలోచన వస్తే ఆ రోజే ఇంటివారికి చెప్పవలెను. 2022లో కేంద్రప్రభుత్వం ప్రారంభించిన టెలి మానస్ సేవకు 14416 నంబరుపై ఏ వేళనైనా ఫోను చేయవచ్చును. వైద్యులిచ్చిన మందులు వాడుతున్నవారు వాటిని మానకుండానే అభ్యంగనం చేసుకొనవచ్చును.

నరకచతుర్దశినాటి తలంటుతో చలికాలాన్ని ఆహ్వానించి, భోగినాడు మళ్లీ తలంటుకొనే ఆచారం మనది. ఆ రెండు పండుగల నడుమ నున్న రోజులను వదలివేయకండి. 40 రోజులు నియమంగా చేసి చూడండి. మీ ఇంటిలో పెద్దవారు ఉంటే ఈ రాత్రికే రెండు చెంచాల నూనె వెచ్చచేసి వారి పాదాల వద్ద కూర్చొనండి.