వాహనముల నడుమ వార్తా ప్రసారము – మార్గనిర్ణయ విధానములు

నడచుచున్న వాహనములు నిస్తంత్రీ తరంగముల మూలమున తమలో తాము సమాచారమును మార్చుకొను ఏర్పాటును వాహనజాలమందురు. ఇందు తీగలు లేవు. స్థిరమైన కేంద్రము లేకున్నను పని జరుగును. ఒక వాహనము పంపిన వార్త దూరముననున్న వేరొక వాహనమునకు ఏ త్రోవను చేరవలెనను విచారమే మార్గనిర్ణయము. సండూరు కొండలలో, మా దోణిమలై పరిసరములలో, ఇనుపరాతి లారీలు తిరుగు దారులను చూచినవారికి దీని ప్రయోజనమును వేరుగ చెప్పనక్కరలేదు. మలుపున కావల ఒక లారీ ఆగిపోయినదని వెనుక వచ్చు డ్రైవరునకు ముందుగ తెలియుట ప్రాణములతో ముడిపడిన విషయము.

పూర్వము టపా అంచెలమీద నడచెడిది. ఒక హర్కారా తన అంచె వరకు పరుగెత్తి సంచిని మరియొకని కందించెడివాడు. మనుష్యులు మారినను అంచెలు కదలవు. వాహనజాలమున అంచెలే పరుగెత్తును. కష్టమంతయు ఇందే కలదు. ఒక లెక్క చూడుడు. పరికరముల ధ్వని 300 మీటర్ల వరకు అందుననుకొందము. గంటకు 36 కిలోమీటర్ల వేగమున ఎదురెదురుగ వచ్చు రెండు లారీలు సెకనుకు 20 మీటర్ల చొప్పున సమీపించును. అవి కలిసి, దాటి, దూరమగువరకు సంబంధము నిలుచునది 30 సెకనులే.

మొదటి విధానము దారిని ముందు వెదకి పిదప వార్తను పంపుట. 1999లో పెర్కిన్స్, రాయర్ అను పరిశోధకులు ప్రకటించిన ఏ.ఓ.డి.వి. ఇట్టిది. ప్రశ్న నలుదెసల ప్రాకును. ప్రతి అంచెయు అది ఎవరినుండి వచ్చెనో గుర్తుంచుకొనును. జవాబు ఆ జాడనే మరలి వచ్చును. అయితే జవాబు వచ్చులోపల వాహనములు చెదరినచో దారి తెగిపోవును.

రెండవది స్థానమునుబట్టి పంపుట. కార్ప్, కుంగ్ అనువారు 2000లో వివరించిన జి.పి.ఎస్.ఆర్. ఈ తరగతిది. గమ్యమునకు మిక్కిలి చేరువనున్న పొరుగు వాహనమునకు వార్తనిచ్చుటయే సూత్రము. దారిని జ్ఞాపకముంచుకొన పనిలేదు. కాని కొండ నేలలో రేఖ చొప్పున చేరువయైనది రోడ్డు చొప్పున దూరము కావచ్చును; నడుమ బండ అడ్డమైనచో తరంగము చేరకపోవచ్చును. కావున రోడ్డు పటమును, కూడళ్లను లెక్కలోనికి తీసికొను పద్ధతులు తరువాత పుట్టినవి.

మూడవది నిలువజేసి మోసికొనిపోవుట. పొరుగున వాహనమే లేనప్పుడు వార్తను దాచుకొని, ఎదురైనవారి కిచ్చుట దీని లక్షణము. మన కర్ణాటకముననే, హిందూపురము దారిలోని దొడ్డబళ్లాపురము ప్రాంతమున, డాక్‌నెట్ అను ప్రయోగము జరిగినది. బస్సులో అమర్చిన పరికరము గ్రామమున ఆగినపుడు భూమి రికార్డుల అర్జీలను గ్రహించి తాలూకా కేంద్రమున చేర్చెడిది. 2004 జనవరిలో దీని వివరములు ప్రచురితమైనవి.

అర్జీ కొన్ని గంటలు ఆగగలదు. ప్రమాద సూచన ఆగజాలదు. అందుచే సూచనను ఒక్కరికిగాక వినగల వారందరికిని చాటుదురు. అందరును తిరిగి చాటినచో గలభాయై ఏదియు వినబడదు. కావున విన్నవారిలో మిక్కిలి దూరముననున్న వాహనము ముందుగ చాటవలెను, తక్కినవి అది విని మిన్నకుండవలెను.

కావున అన్నిటికిని ఒకే విధానము తగదు. వార్త స్వభావమే మార్గమును నిర్ణయింపవలెను. మరియొక మాట. పరికరములేని వాహనము ఈ జాలమున మూగది. ఎడ్లబండియు, సైకిలుపై పోవు కూలియు, కాలినడకన బడికి పోవు బిడ్డయు ఇందు లెక్కకు రారు. ఇట్టివారిని గుర్తించు ఉపాయము కూడ చేరినప్పుడే ఈ విద్య మన దారులకు పూర్తిగా ఉపకరించును.