జేబులోంచి వచ్చిన కొండ

1987లో షార్జాలో, రోలా దగ్గరి మా రెండు గదుల ఫ్లాట్‌లోకి ఒక కంప్యూటర్ వచ్చింది. దానికి సొంత తెర లేదు. టీవీకి తగిలించుకోవాలి. ప్రోగ్రాములు దాచుకోవడానికి క్యాసెట్ టేపు. రాత్రి అన్నాలయ్యాక, వార్తలు చూసేశాక గానీ నాన్న టీవీ నాకు వదిలేవాడు కాదు. అప్పుడు నేను టైపు చేసిపెట్టుకున్న ప్రోగ్రామును నడిపేవాణ్ణి. నల్లటి తెర మీద ఒక చుక్క, దాని పక్కన ఇంకొకటి, అలా ఒక గీత. దాని వెనక మరో గీత కొంచెం పైకి వంగి. పది నిమిషాలకు ఒక గట్టు కనబడేది. అరగంటకు ఆ గట్టు వెనక కొండ లేచేది.

"ఏరా, ఇంకా ఎంతసేపు?" అనేవాడు నాన్న పడక మీద నుంచి.

"కొండ సగం లేచింది నాన్నా."

ఆ కంప్యూటర్ పేరు సఖ్ర్. అరబీలో ఆ మాటకు రాయి అని అర్థం. 1982లో కువైట్‌లో మొహమ్మద్ అల్ షారిఖ్ అనే ఆయన అల్ ఆలమియా అనే కంపెనీ పెట్టాడు. కంప్యూటర్‌కు అరబీ నేర్పాలన్నది ఆయన పట్టుదల. అది చిన్న పని కాదు. అరబీ రాత కుడి నుంచి ఎడమకు నడుస్తుంది. ఒకే అక్షరం మాట మొదట్లో ఒకలా, మధ్యలో ఒకలా, చివర ఒకలా రూపు మార్చుకుంటుంది. ఒత్తులూ గుణింతాలూ ఉన్న మనకు ఆ కష్టం ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు. సరిగ్గా ఆ రోజుల్లోనే, 1983 జూన్‌లో, జపాన్‌కు చెందిన కజుహికో నిషి మైక్రోసాఫ్ట్‌తో కలిసి ఎమ్మెస్సెక్స్ అనే ప్రమాణాన్ని ప్రకటించాడు. ఏ కంపెనీ తయారుచేసినా ఒకచోట రాసిన ప్రోగ్రాము మరోచోట నడవాలన్నది దాని ఉద్దేశం. సోనీ, శాన్యో, యమహా, ఫిలిప్స్ అన్నీ అందులో చేరాయి. అల్ ఆలమియా కూడా ఆ దారే పట్టి, యమహా లాంటి కంపెనీలు తయారుచేసిన యంత్రాలకు అరబీ అక్షరాలు పొదిగి గల్ఫ్ ఇళ్లలోకి, బళ్లలోకి పంపింది. 1990లో కువైట్ మీద ఇరాక్ దాడి జరిగాక కంపెనీ పని కైరోకు తరలిపోయింది. ఇళ్లలో మాత్రం ఆ కీబోర్డులు ఇంకా చాలాకాలం మోగాయి.

లోపల జెడ్80 ప్రాసెసర్ ఉండేది. వేగం 3.58 మెగాహెర్ట్జ్. బొమ్మ గీసే పని దానిది కాదు. అది టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వాళ్ల టీఎంఎస్9918 కుటుంబపు చిప్పుదో, దానికి సరిపోయేలా చేసిన మరో చిప్పుదో. ఆ చిప్పుకు 16 కిలోబైట్ల సొంత మెమరీ. ప్రాసెసర్ ఆ మెమరీని నేరుగా ముట్టుకోలేదు. రేషన్ షాపు కిటికీలోంచి సంచీలు అందించినట్టు ఒక్కో బైటూ లోపలికి అందించాలి. తెర అడ్డంగా 256 చుక్కలు, నిలువుగా 192. మొత్తం 49,152. రంగులు 16 ఉన్నా పక్కపక్కనున్న ఎనిమిది చుక్కల్లో రెండు రంగులకు మించి కుదరవు. మూడో రంగు పెట్టబోతే ఉన్న రంగు చెరిగి పక్కకు పాకుతుంది. కొండకు రంగులు వేయాలని చూసి, అంచుల్లో మరకలు పడటం చూసి, నలుపు మీద తెలుపుకే కట్టుబడ్డాను.

నేను గీసే కొండ ఒక సమీకరణం. చెరువులో రాయి వేస్తే అలలు గుండ్రంగా విచ్చుకుంటాయి కదా, రాయి పడినచోట ఎత్తుగా, దూరం పోయేకొద్దీ పలచబడుతూ. ఆ ఆకారాన్ని లెక్కలో రాయడానికి ఒక తేలికైన దారి ఉంది. మధ్య బిందువు నుంచి దూరం కనుక్కో, ఆ దూరానికి సైన్ విలువ తీసుకో, దాన్ని అదే దూరంతో భాగించు. వచ్చిందే అక్కడి ఎత్తు. అమెరికాలో అటారీ ముందు కూర్చున్నవాళ్లూ, ఇంగ్లండ్‌లో బీబీసీ మైక్రో కొనుక్కున్నవాళ్లూ ఇదే బొమ్మ గీసుకున్నారు. వాళ్లు దాన్ని మెక్సికో టోపీ అన్నారు. నాకది ఎప్పుడూ చెరువే.

మొదటిసారి నడిపినప్పుడు కొండకు బదులు గొయ్యి వచ్చింది. లెక్కల పుస్తకంలో నిలువు అక్షం పైకి పెరుగుతుంది, ఆ తెర మీద కిందికి పెరుగుతుంది. గుర్తు మార్చాను. రెండోసారి కొండ లేచింది గానీ సరిగ్గా శిఖరం దగ్గర యంత్రం ఆగిపోయి, సున్నాతో భాగించమంటున్నావని చెప్పింది. మధ్య బిందువు దగ్గర దూరం సున్నా. సున్నా సైన్ కూడా సున్నా. సున్నాను సున్నాతో భాగిస్తే ఏం చెప్పాలో దానికి తెలియదు. కానీ ఆ బిందువుకు ఎంత దగ్గరికి వెళ్తే విలువ 1కి అంత దగ్గరవుతుంది. కాబట్టి అక్కడ 1 అని మనమే చెప్పాలి. ఇంటర్‌లో లిమిట్స్ పాఠం చెబుతున్నప్పుడు నాకు గుర్తొచ్చింది ఆ ఆగిపోయిన శిఖరమే.

అసలు బాధ వేగంతో. ముందు నుంచి వెనక్కి 60 గీతలు, ఒక్కో గీతకు 256 బిందువులు అనుకుంటే 15,360 బిందువులు. ఒక్కోదానికి ఒక వర్గమూలం, ఒక సైన్. పైగా ఎమ్మెస్సెక్స్ బేసిక్ మనం చేత్తో వేసినట్టు పదుల పద్ధతిలోనే, 14 అంకెల దాకా కచ్చితంగా లెక్కగడుతుంది. డబ్బు లెక్కలకు అది వరం, బొమ్మలకు భారం. బిందువుకు సెకనులో ఐదో వంతు పట్టిందనుకున్నా 51 నిమిషాలు. నాన్నకు నిద్ర పట్టకపోవడంలో వింత లేదు.

దానికి మందు వేల ఏళ్ల నాటిది. ఎక్కాలు వచ్చినవాడు పన్నెండేళ్లు ఎంతో మళ్లీ కూడుకుంటూ కూర్చోడు. అలాగే సైన్ విలువల పట్టిక ముందే కట్టి మెమరీలో పెట్టుకుంటే, ప్రతి బిందువు దగ్గరా లెక్కగట్టే బదులు చూసి తీసుకోవచ్చు. దూరాన్ని కాకుండా దాని వర్గాన్నే పట్టికలో వరుస సంఖ్యగా వాడుకుంటే వర్గమూలం బాధ కూడా తప్పుతుంది. కొండ నాలుగు వైపులా ఒకేలా ఉంటుంది కాబట్టి పావు భాగం ఎత్తులు కట్టుకుంటే చాలు. క్రీస్తుశకం 499 నాటి ఆర్యభటీయంలో ఆర్యభటుడు చేసింది ఈ పనే. వృత్తపాదాన్ని 225 కళల చొప్పున 24 ముక్కలు చేసి, 3,438 వ్యాసార్ధానికి, ఒక్కో ముక్కకు విలువ ఎంత పెరుగుతుందో ఒకే ఒక్క శ్లోకంలో కూర్చిపెట్టాడు. ఆయన దాన్ని జ్య అన్నాడు. అంటే వింటినారి.

ఆ మాట నడిచిన దారి నాకు చాలా ఇష్టం. జ్యకు మరో రూపం జీవ. బాగ్దాద్ పండితులు మన ఖగోళ గ్రంథాలను అరబీలోకి తెచ్చుకున్నప్పుడు దాన్ని జీబా అని ఉన్నదున్నట్టు రాసుకున్నారు. అరబీ రాతలో హ్రస్వాచ్చులు రాయరు. జీబా అన్న మాటకు అరబీలో అర్థమూ లేదు. తర్వాతివాళ్లు అవే అక్షరాలను తమకు తెలిసిన జైబ్ అన్న మాటగా చదివారు. జైబ్ అంటే అంగీ రొమ్ము దగ్గరి మడత, డబ్బు దాచుకునే చోటు. 12వ శతాబ్దంలో లాటిన్‌లోకి మార్చినవాళ్లు ఆ మడతకు తమ భాషలో ఉన్న సైనస్ అన్న మాట పెట్టారు. అదే సైన్ అయింది. అరబీ బళ్లలో సైన్‌ను ఈనాటికీ జైబ్ అనే అంటారు. ఆ జైబే పారశీకం మీదుగా, ఉర్దూ మీదుగా మన చొక్కాకు వచ్చి జేబు అయింది. గుంటూరులో దర్జీ కుట్టే జేబూ, షార్జాలో మా టీవీ మీద లేచిన కొండా ఒకే మాట బిడ్డలు. ఇది తెలిసిన రోజున నేను చొక్కా జేబులో చెయ్యి పెట్టుకుని కాసేపు అలాగే నిలబడ్డాను.

కొండ లేచింది సరే, అది కొండలా ఎందుకు కనబడింది? గీతలన్నీ గీసేస్తే వెనకవి ముందువాటిలోంచి కనబడి అంతా చిక్కుపడిన వల అవుతుంది. దాగినదాన్ని దాచాలి. దానికి వాడే ఉపాయాన్ని షార్జా నుంచి మలీహా వెళ్లే దారిలో కళ్లతో చూడొచ్చు. దగ్గరి ఇసుక దిబ్బ వెనకదాన్ని కప్పుతుంది. వెనక దిబ్బ కనబడాలంటే ముందుదాని కంటే తల పైకెత్తాలి. బొమ్మల కొలువులో పై మెట్టు మీది చిట్టి బొమ్మ కింది మెట్టు మీది పెద్ద బొమ్మ వెనక మాయమైనట్టే. ప్రోగ్రాములో దీనికి 256 అరలు చాలు, తెర మీది ఒక్కో నిలువు వరుసకు ఒక అర. ముందు నుంచి వెనక్కి గీసుకుంటూ, ఆ వరుసలో ఇప్పటిదాకా గీసిన అన్నిటికంటే పై చుక్క ఎక్కడుందో అరలో రాసుకోవాలి. కొత్త చుక్క దానికంటే పైకి వస్తే గియ్యి, అరలో అంకె మార్చు. రాకపోతే వదిలెయ్యి. దీన్ని తేలే దిగంతం అంటారు. 1972లో హ్యూ విలియమ్సన్ ఈ తరహా ప్రోగ్రామును ఏసీఎం పత్రికలో అచ్చువేశాడు. అది పెద్ద యంత్రాలకు, కాగితం మీద కలంతో గీసే ప్లాటర్లకు రాసింది. పదిహేనేళ్లకు అదే ఉపాయం మా ఇంటి టీవీ మీదికొచ్చింది.

తలాలను కళ్లతో చూడాలన్న ఆరాటం కంప్యూటర్ల కంటే పాతది. 19వ శతాబ్దం చివర్లో మ్యూనిక్‌లో ఫెలిక్స్ క్లైన్, అలెగ్జాండర్ బ్రిల్ విద్యార్థుల చేత సమీకరణాలను తెల్లటి ప్లాస్టర్‌తో పోత పోయించారు. లుడ్విగ్ బ్రిల్ వాటిని విశ్వవిద్యాలయాలకు అమ్మాడు. చూడటం వల్ల లెక్క ముందుకు నడిచిన సందర్భం మా సఖ్ర్ కాలంలోనే ఉంది. 1982లో బ్రెజిల్ గణితజ్ఞుడు సెల్సో కోస్టా సబ్బునీటి పొర లాంటి ఒక తలానికి సమీకరణాలు రాశాడు. అది తనను తాను కోసుకుంటుందా లేదా అన్నది తేలలేదు. అమెరికాలో డేవిడ్ హాఫ్‌మన్, విలియం మీక్స్ దాన్ని జేమ్స్ హాఫ్‌మన్ రాసిన ప్రోగ్రాముతో తెర మీద గీయించి చూశారు. బొమ్మలో సౌష్ఠవం కనబడింది. ఆ సౌష్ఠవాన్ని పట్టుకునే, తలం ఎక్కడా తనను తాను తాకదని రుజువు చేశారు.

మా అమ్మ పండగలకు గారెలు వేసేది. తడి చేతి మీద పిండి అద్ది బొటనవేలితో చిల్లు పెట్టడం చూసి, దీన్ని తెర మీద గీయాలనుకున్నాను. కుదరలేదు. తేలే దిగంతానికి ఒక షరతు ఉంది. నేల మీద ఒక్కో చోటికి ఒక్కటే ఎత్తు ఉండాలి. గారెలో అదే చోట పైన ఒక ఎత్తు, కింద ఒక ఎత్తు, చిల్లు దగ్గర అసలేమీ లేదు. దాన్ని రెండు కోణాలతో చెప్పాలి. చిల్లు చుట్టూ ఎంత తిరిగాం, గారె ఒంటి చుట్టూ ఎంత తిరిగాం. గణితంలో దాన్ని టోరస్ అంటారు.

2022 ఫిబ్రవరి 22న దుబాయ్‌లో షేక్ జాయెద్ రోడ్డు పక్కన మ్యూజియం ఆఫ్ ది ఫ్యూచర్ తెరిచారు. మెట్రోలోంచి దాన్ని చూసి అమ్మ అంది, "గారెను నిలబెట్టినట్టుందిరా." షాన్ కిల్లా గీసిన ఆ భవనం సాగదీసిన టోరసే. ఎత్తు 77 మీటర్లు, మధ్యలో ఆకాశం కనబడే ఖాళీ. బ్యూరో హ్యాపోల్డ్ ఇంజినీర్లు ఏటవాలుగా ఒకదాన్నొకటి కోసుకునే 2,400 ఉక్కు కడ్డీల చట్రాన్ని కంప్యూటర్ చేత వెతికించి అమర్చారు. పైన మత్తర్ బిన్ లాహెజ్ రాసిన అరబీ అక్షరాలు పొదిగారు. ఆ రాతే కిటికీలు. వాటి గీతల పొడవు 14 కిలోమీటర్లు. బయటి పలకలు సరిగ్గా 1,024, అంటే ఒక కిలోబైటు. కావాలనే ఆ సంఖ్య పెట్టారు. మా బొమ్మల చిప్పు మెమరీలో అది పదహారో వంతు.

పలకలు చేయడం ఎందుకు కష్టమో గారె చేతిలో పట్టుకుంటే తెలుస్తుంది. దాని వెలుపలి అంచు బంతిలా ఉంటుంది. అరిటాకు ముక్క అద్దితే అంచుల్లో ముడతలు పడతాయి. చిల్లు లోపలి వైపు గుర్రపు జీనులా ఉంటుంది, ఒకవైపు పైకి వంగి మరోవైపు కిందికి వంగి. అక్కడ అద్దితే ఆకు చిరుగుతుంది. ఈ రెండింటికీ సరిహద్దు ఎక్కడుందంటే, గారెను పళ్లెంలో పెట్టినప్పుడు అది పళ్లేన్ని తాకే వలయం దగ్గర, మళ్లీ సరిగ్గా దానికి ఎదురుగా పైన. అడుగడుక్కీ వంపు మారే తలానికి ఒకే అచ్చులో పోసిన పలకలు సరిపోవు.

నా దగ్గర పాత సఖ్ర్ ఇంకా ఉంది. మొన్న శుక్రవారం దాని మీద గారె గీశాను. చిల్లు చుట్టూ 24 భాగాలు, ఒంటి చుట్టూ 12, మొత్తం 288 పలకలు. ఏది దూరం, ఏది దగ్గర అని వరుసపెట్టడానికి ఒకదానితో ఒకటి పోలిస్తే 41,328 పోలికలు. ఆ తర్వాత దూరపు పలకతో మొదలుపెట్టి, ఒక్కోదాన్నీ అడ్డగీతలతో నల్లగా పులిమి, అంచులు తెల్లగా గీయడం. సున్నం మీద సున్నం వేసినట్టు దగ్గరివి దూరపువాటిని కప్పేస్తాయి. మధ్యాహ్నం మొదలుపెడితే దీపాలు పెట్టే వేళకు ముందు వరుస దాకా వచ్చింది. చిల్లు లోపలి జీను వంపు సగం కనబడుతూ, సగం ముందు పలకల వెనక్కి పోతూ ఉంది. చివరి పలక పులమగానే అమ్మను పిలిచాను. ఆమె కళ్లజోడు పెట్టుకుని దగ్గరికొచ్చి, చిల్లు ఉన్నచోట తెర మీద వేలు ఆనించి చూసింది.