తుపాను వార్త – రైతు నిర్ణయము

వరి కోతకు వచ్చిన కార్తీక మార్గశిర మాసములలోనే బంగాళాఖాతమున వాయుగుండ మేర్పడినదని వార్త వచ్చుట మన తీరప్రాంతపు రైతులకు క్రొత్త గాదు. అప్పుడు ప్రతి గ్రామమునను వినవచ్చు ప్రశ్న యొక్కటియే: "అది మన మీదికి వచ్చునా, రాదా? చేను కోయవలెనా, మానవలెనా?" మూడు దినములు ముందుగా దీనికి నిశ్చయమైన యుత్తరము చెప్పగలవారు లేరు. అయినను, నిశ్చయము కాని వార్తను బట్టియే రైతు నిశ్చయమైన పని చేయవలసియున్నది. అది యెట్లో యించుక విచారింతము.

వేడెక్కిన సముద్రజలము నుండి లేచు ఆవిరియే తుపానునకు బలము. గాలివేగము గంటకు 31 కిలోమీటర్లు చేరిన అల్పపీడనమును వాయుగుండమనియు, 50 చేరిన తీవ్ర వాయుగుండమనియు, 62 చేరిన తుపాననియు అందురు. అప్పుడే దానికి పేరు పెట్టుదురు. భారత వాతావరణశాఖవారు ఉపగ్రహములు తీసిన ఛాయాచిత్రముల వలనను, సముద్రమున తేలు యంత్రముల వలనను దానిని కనిపెట్టుచుందురు. తీరమును సమీపించిన పిమ్మట మచిలీపట్నము, విశాఖపట్నములందలి రాడారులకు గోచరించును. తుపానైన తరువాత మూడు గంటల కొకసారి ప్రకటన వెలువడును.

తుపాను తనంతట తాను నడచునది కాదు. కాలువనీరు బెండును కొనిపోయినట్లు, మిక్కిలి యెత్తున వీచు గాలులు దానిని కొనిపోవును. ఆ గాలులు బలహీనమైనచో నిలిచిపోవును, మారినచో మలగును. చల్లని నీటిపైకి వచ్చినను, పొడిగాలి లోపల చొచ్చినను నీరసించును. కావుననే పటములో దాని మార్గమును ఒక్క గీతగా గాక, ముందునకు పోయినకొలది వెడల్పగు చేటవలె చూపుదురు. ఇటీవలి సంవత్సరములలో ఒక దినము ముందుగా చెప్పిన స్థానమునకును, తుపాను నిజముగా నుండిన స్థానమునకును సగటున 70, 80 కిలోమీటర్ల భేద ముండుచున్నది. మచిలీపట్నము నుండి బాపట్లకు తిన్నగా గీత గీచిన నించుమించుగా నంతే దూరము. చేటలో నున్న గ్రామములన్నియు గీతమీద నున్నట్లే తలచవలెను.

2013 నవంబరులో లెహర్ అను తుపాను అతి తీవ్రమై మచిలీపట్నమువైపు వచ్చుచున్నదని తెలిసి జనులు భయపడిరి. అది సముద్రముననే నీరసించి, 28వ తేదీన వట్టి వాయుగుండముగా తీరము దాటినది. 2022 మే నెలలో అసని అను తుపాను తీరమును తాకకయే ఈశాన్యమునకు మలగునని యెంచగా, అది 11వ తేదీన మచిలీపట్నము, నరసాపురముల నడుమ నేలపైకి వచ్చినది. ఒకటి వచ్చునన్నంతగా రాలేదు. ఒకటి రాదన్న చోటికి వచ్చినది.

ఈ భేద మెంత ముఖ్యమో 1977 నవంబరు 19వ తేదీ తెలిపినది. మన తుపానుల గాలి గడియారపు ముల్లునకు వ్యతిరేకముగా తిరుగును. కనుక మన తీరమున, కేంద్రమునకు ఉత్తరపువైపున గాలి సముద్రమును నేలమీదికి త్రోయును. దక్షిణపువైపున నేలనుండి సముద్రములోనికి వీచును. నాడు తుపాను చీరాల ప్రాంతమున తీరము దాటగా, దానికి ఈశాన్యముననున్న దివిసీమ ఉప్పెన పాలైనది. సుమారు 10,000 మంది మృతినొందిరి. కావున "కేంద్రము మన యూరికి దక్షిణమున దాటునట" యని వినినవారు సంతోషింపరాదు, మఱింత జాగ్రత్తపడవలెను. వీచుచున్న గాలి హఠాత్తుగా నిలిచినను బయటికి రారాదు. కేంద్రము దాటిన పిమ్మట ఎదురుదిక్కునుండి మరల వీచును.

ఇక పొలము పని. వాయుగుండపు వార్త వినిన వెంటనే క్రొత్తచేనిలో కొడవలి పెట్టరాదు. నిలిచిన పైరు పడిపోయినను కొంత దక్కును. కోసి పరచిన పనలు నీట నానినచో మొలకెత్తును. కోసి యెండిన పనలను వాన రాకమునుపే మెరకమీద కుప్ప వేయవలెను. కళ్లములోని ధాన్యమును సంఘపు గిడ్డంగికో, మిద్దెయింటికో చేర్చవలెను. మురుగుబోదెలలోని తూడు తీసివేయవలెను. ఎరువు చల్లుట, మందు కొట్టుట తుపాను పోవువఱకు నిలుపవలెను. పనలు తడిసినచో లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కరగించి వానిమీద చల్లిన మొలక కొంత ఆగును. సముద్రతీరవాసులు ఖాళీచేయుమన్న తక్షణము పశువుల పలుపులు విప్పి, తాము బయలుదేరవలెను.

ఇంత చేసిన పిమ్మట తుపాను రాకపోయిన, "వట్టి పుకారు, కూలి దండుగ" యని విసుగుకొనువారు కలరు. రెండుదినముల కూలి యొకవైపు, ఏటి పంట యొకవైపు నుంచి తూచి చూడుడు. లెహర్ రాలేదు గదా యని అటుతరువాతి వార్తను పెడచెవిని పెట్టినవారికి, 2014 అక్టోబరు 12వ తేదీన విశాఖపట్నమున విరుచుకుపడిన హుద్‌హుద్ బుద్ధి చెప్పియుండును. రాని తుపానునకు కుప్ప వేసిన రైతు నష్టపోయినవాడు కాడు. అతని ధాన్యము పొడిగానున్నది.