కొత్త ఊళ్లో దొంగలా, ధూళా?

మీ నాన్నగారికి విశాఖపట్నం బదిలీ అయిందనుకోండి. "అక్కడ దొంగల భయం ఎక్కువేమో!" అంటుంది అమ్మమ్మ. గాలి సంగతి మాత్రం ఎవరూ అడగరు. మీరు రెండూ లెక్క చూడండి.

నేరాల రేటు అంటే ఏడాదిలో లక్ష జనాభాకు నమోదైన కేసులు. 'నమోదైన' అన్న మాట గమనించారా? జనం జంకకుండా ఫిర్యాదు చేసే ఊళ్లో ఈ అంకె పెరుగుతుంది, నోరు మెదపని ఊళ్లో తగ్గుతుంది! కాబట్టి అంకె ఒక్కటే చూసి హడలిపోనక్కరలేదు.

గాలి ఎవరి ఫిర్యాదు కోసమూ ఆగదు. 2.5 మైక్రోమీటర్లు మించని ధూళికణాలు, అంటే వెంట్రుక మందంలో సుమారు ముప్పయ్యో వంతువి, ఊపిరితిత్తుల లోతుకు దిగిపోతాయి. ఘనపు మీటరు గాలిలో వీటి ఏడాది సగటు 5 మైక్రోగ్రాములు దాటరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది. మన దేశం పెట్టుకున్న హద్దు 40. ఎంత తేడానో చూడండి!

విశాఖలో కర్మాగారాలున్న పల్లపు ప్రాంతం కొండల నడుమ గిన్నెలా ఉంటుంది. చలికాలపు రాత్రి నేలనంటి చల్లగాలి నిలుస్తుంది. పైన వెచ్చని గాలి మూతలా కూర్చుంటుంది. ఇక పొగ ఎటు పోతుంది? ఎండెక్కి నేల వేడెక్కాకగాని ఆ మూత తెరుచుకోదు. అందుకే అద్దె ఇల్లు చూడటానికి మధ్యాహ్నం కాక, డిసెంబరులో తెల్లవారుజామున వెళ్లమని నాన్నగారికి చెప్పండి.